భగినీ హస్త భోజనానికి ఫోన్‌లో వెయ్యి రూపాయలు

కోపం తగ్గాక రాయొచ్చు కదా అంటారు. తగ్గితే నేను రాయను, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఈరోజు కార్తీక శుద్ధ విదియ, భగినీ హస్త భోజనం. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంటికెళ్లి వాళ్ల చేతి భోజనం తినే రోజు. తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. గుత్తివంకాయ కూర, పులిహోర, కందిపచ్చడి, బొబ్బట్లు. తమ్ముడికి ఇష్టమని ముక్కల పులుసు. అరిటాకు కూడా కడిగి పెట్టాను. పన్నెండున్నరకి ఫోన్. "రాలేనక్కా, పనుంది. నీకు వెయ్యి కొట్టాను, చీర కొనుక్కో."

వాడుండేది విజయవాడ, నేనుండేది తెనాలి. గంట ప్రయాణం!

నేను చీర అడిగానా? వచ్చి నా చేతి ముద్ద తినరా అన్నాను, అంతే. యమున అడిగింది కూడా అదే. ఎన్నిసార్లు పిలిచినా తీరిక లేదన్న యముడు, చివరికి ఈ విదియ నాడే చెల్లెలింటికి వెళ్లి భోంచేశాడు. వరం కోరుకోమంటే ఏటా ఇదే రోజు రమ్మంది ఆ తల్లి. నగలడగలేదు. ఉత్తరాదిన భాయ్ దూజ్ అని ఇదే రోజు చేసుకుంటారు. మథురలో విశ్రామ ఘాట్ దగ్గర అన్నాచెల్లెళ్లు కలిసి యమునలో మునుగుతారు. మన దగ్గర సగం మందికి ఈ పండుగ పేరే తెలియదు. రాఖీ అయితే అందరికీ తెలుసు, నెల ముందు నుంచే షాపుల నిండా వేలాడుతుంటాయి కాబట్టి.

ఆ రాఖీకి ప్రతి ఏడూ బస్సెక్కి పోయేది నేనే. సీటు దొరక్క నిలబడి పోయిన ఏళ్లున్నాయి. నేను కడతాను, మరదలు ఫోటో తీసి స్టేటస్ పెడుతుంది. నేను వెళ్తే పండుగ, వాడు రావాలంటే పని.

వాడికి తీరిక ఎప్పుడు దొరికిందో చెప్పనా? నాన్న పోయి నెల తిరక్కుండానే పొద్దున ఏడింటికి వాడి కారు మా గుమ్మం ముందుంది. రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లడానికి. పొలంలో నాకు హక్కు లేదని రాసిచ్చే కాగితం. "ఉత్త సంతకమేనక్కా." పక్కన పెదనాన్న, "నీ పెళ్లికి కట్నం ఇచ్చాం కదమ్మా." ఆ కట్నం తీసుకున్నది మా అత్తగారివాళ్లు. నా చేతికి రూపాయి వచ్చిందా?

చట్టం తెలియక సంతకం పెట్టానని అనను. తెలుసు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ సమాన వాటా అని మన రాష్ట్రంలో 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం చేసింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అన్నీ తెలిసే పెట్టాను. పెట్టకపోతే తమ్ముడు నా గడప తొక్కడని భయం. ఎంతమంది అక్కచెల్లెళ్లు ఈ భయంతో పెట్టలేదు చెప్పండి! "ఆస్తి అడిగింది" అన్న ఒక్క మాట చాలు, మనకి పుట్టిల్లు ఉండదు. మన వాటా తీసుకున్నవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు.

పొలం పోతే పోయింది. తమ్ముడు ఉంటాడనుకుని ఇచ్చాను. ఏడాదికి ఒక్కపూట, ఒక్క విస్తరి. దానికి కూడా వెయ్యి రూపాయలు కొట్టి చేతులు దులుపుకుంటే నేనెందుకు ఊరుకోవాలి?

బొబ్బట్లు పక్కింటి పిల్లలకి పెట్టాను. ఆ వెయ్యీ వాడికే తిరిగి పంపేశాను.