కొత్త బట్టకు పాత మరక

2017లో అమెరికాకు చెందిన దుకాణాల సంస్థ నార్డ్‌స్ట్రామ్ ఒక జీన్స్ ప్యాంటును 425 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఎండిన బురద అంటుకున్నట్టు దాని మీద పూత పూశారు. ఒళ్లు వంచి పనిచేసేవాడి బట్టకు పట్టే మరకను ఆ పని ఎరగనివాళ్లకు అమ్ముతారా అని జనం మండిపడ్డారు. ఆ కోపంలో న్యాయం ఉంది. అంతమాత్రాన మాసిన, చిరిగిన బట్టల ఫ్యాషన్ మొత్తాన్నీ తప్పుపట్టలేం.

జపాన్ ఫ్యాషన్ డిజైనర్ రెయ్ కవాకుబో 1982లో చిల్లులు పడ్డ నల్ల స్వెటర్‌ను చూపించి, నలగని బట్టే అందమన్న నమ్మకాన్ని ప్రశ్నించారు. బ్రిటన్ డిజైనర్ హుస్సేన్ చలాయన్ 1993లో తన డిగ్రీ కలెక్షన్ కోసం బట్టలను ఇనుప రజనుతో కలిపి మట్టిలో పాతిపెట్టి, తుప్పు పట్టాక బయటికి తీశారు. బెల్జియం డిజైనర్ మార్టిన్ మార్జెలా 1997లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ మ్యూజియంలో బట్టల మీద బూజును, బ్యాక్టీరియాను పెంచి చూపించారు. బట్ట కూడా మనలాగే ముసలిదవుతుందని, పాడవుతుందని ఈ పనులు ఒప్పుకుంటాయి. వాటిలో మాకు నిజమైన అందం కనిపిస్తోంది.

మా అభ్యంతరం పాతదనాన్ని తొందరపెట్టి పుట్టించే పద్ధతి మీద. జీన్స్ తొడల దగ్గర, మోకాళ్ల దగ్గర వెలిసినట్టు కనిపించాలంటే ఏళ్ల తరబడి తొడగాలి. ఆ పనిని నిమిషాల్లో ముగించడానికి గాలి ఒత్తిడితో ఇసుకను బట్ట మీదికి కొట్టడం మొదలైంది. దీన్నే శాండ్‌బ్లాస్టింగ్ అంటారు. గాలాడని గదుల్లో లేచిన సిలికా దుమ్ము కార్మికుల ఊపిరితిత్తుల్లో పేరుకుంది. టర్కీలో వయసులో ఉన్న కుర్రాళ్లు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డారు, చనిపోయారు. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. 2009లో ఆ దేశం జీన్స్‌కు ఈ పద్ధతిని నిషేధించింది. తర్వాత పెద్ద బ్రాండ్లు కొన్ని మానేస్తామన్నాయి. కానీ ఒక్క దేశం నిషేధిస్తే పని ఆగదు, మరో దేశానికి తరలిపోతుంది.

ఇసుక బదులు రంగు వెలిసేలా చేసే పొటాషియం పర్మాంగనేట్ అనే రసాయనాన్ని స్ప్రే కొట్టే చోట్లా సరైన మాస్కు, గాలి వెలుతురు లేకపోతే కార్మికుడికే ముప్పు. లేజర్‌తో ఆ వెలిసిన రంగు తెప్పించవచ్చు. యంత్రం ఖరీదని చేతిపని వర్క్‌షాపులకే ఆర్డర్లివ్వడం మాకు సమ్మతం కాదు.

ప్యాంటు లోపల ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ ఉంటుంది. ఆ మోకాలి మచ్చ ఇసుకతో వచ్చిందా, స్ప్రేతోనా, లేజర్‌తోనా అన్నది కూడా అక్కడే అచ్చు వేయాలని బ్రాండ్లను అడుగుతున్నాం.