‘మొత్తం తీసేయండి సార్’ అనే ముందు

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని రిపోర్ట్ వచ్చాక ఇంట్లో వినిపించే మొదటి మాట: “ఎందుకొచ్చిన రిస్కు, మొత్తం తీసేయండి సార్.” చాలాసార్లు ఆ మాట అనేది పేషెంట్ కాదు. భర్తో, అన్నో, అమెరికా నుంచి ఫోన్‌లో కొడుకో అంటారు. ఆమె తల ఊపుతుంది. ప్రేమతో అన్న మాటే, కాదనను. కానీ తొలి దశ క్యాన్సర్‌లో ఎక్కువ కోస్తే ఎక్కువ బతుకుతారన్నది ఎప్పుడో పరీక్షకు నిలబడి ఓడిపోయిన నమ్మకం.

ఆ నమ్మకం పుట్టింది డాక్టర్ల దగ్గరే. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు అన్నీ కలిపి తీసేసే ఆపరేషన్‌కు పేరు తెచ్చారు. తర్వాత డెబ్బై, ఎనభై ఏళ్లు అదే శాస్త్రం. దాన్ని సూటిగా తేల్చుకున్నది ఇటలీ సర్జన్ ఉంబెర్తో వెరొనేసి. 1973 నుంచి 1980 వరకు మిలాన్‌లో, రెండు సెంటీమీటర్లు దాటని గడ్డలున్న 701 మంది మహిళల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు హాల్‌స్టెడ్ ఆపరేషన్, రెండో గుంపుకు గడ్డ ఉన్న భాగం తీసి రేడియేషన్. చంక ఆపరేషన్ ఇద్దరికీ చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత లెక్క తీస్తే అన్ని కారణాలూ కలిపి మరణాలు ఒకవైపు 41.2 శాతం, మరోవైపు 41.7 శాతం. తేడా లేనట్టే. అదే రొమ్ములో మళ్లీ క్యాన్సర్ వచ్చింది మాత్రం రెండో గుంపులో 30 మందికి, మొదటి గుంపులో ఆపరేషన్ చేసిన చోట తిరగబెట్టింది 8 మందికి. ఈ సంగతి దాచకూడదు. పేషెంట్‌కు చెప్పాలి, నిర్ణయం ఆమెకు వదలాలి.

ఇందులో రేడియేషన్ అన్న షరతు ఉంది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ చేయించిన అధ్యయనంలో గడ్డ మాత్రమే తీసి వదిలేసిన వాళ్లలో ఇరవై ఏళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది. రేడియేషన్ ఇచ్చిన వాళ్లలో అది 14 శాతం.

రొమ్ము తీయక తప్పని సందర్భాలూ ఉన్నాయి. రొమ్ములో వేర్వేరు చోట్ల విస్తరించిన జబ్బు, ఇదివరకే ఛాతీకి రేడియేషన్ తీసుకుని ఉండటం, ఎన్నిసార్లు కోసినా అంచులు శుభ్రంగా రాకపోవడం లాంటివి. ఆ అంచుల సంగతి ల్యాబ్‌లో తేలుతుంది. తీసిన ముక్క చుట్టూ పెథాలజిస్ట్ రంగు సిరా పూస్తారు. తర్వాత పలుచగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆ సిరాను క్యాన్సర్ కణాలు తాకకపోతే చాలు, మార్జిన్ క్లియర్. ఇంకో సెంటీమీటర్ ఎక్కువ తీసి ఉంటే బాగుండేదన్న బెంగ అక్కర్లేదు.

చంక విషయంలో మార్పు ఇంకా పెద్దది. నిజానికి జీవితాంతం ఇబ్బంది పెట్టేది అక్కడి కోతే. గ్రంథులన్నీ తీసేస్తే కొందరికి చెయ్యి వాచిపోతుంది, గాజులు ఎక్కవు, బిందె ఎత్తలేరు. ఇప్పుడు చనుమొన దగ్గర నీలం రంగు ఎక్కిస్తారు. గడ్డ నుంచి కణాలు పాకితే మొదట చేరే గ్రంథికే ఆ రంగూ చేరుతుంది. ఆ సెంటినెల్ గ్రంథులు రెండు మూడు తీసి చూస్తారు, క్యాన్సర్ లేకపోతే మిగతావి ముట్టుకోరు. మర్నాడు మూత్రం నీలంగానో పచ్చగానో వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పాలి. చెప్పక బోలెడంత టెన్షన్ పెడుతుంటారు.

ఇక స్టేజ్. సైజు, చంక గ్రంథులు, ఇతర అవయవాలు చూసి నంబర్ వేయడం పాత పద్ధతి. స్టేజ్‌ల నియమాలు రాసే అమెరికా సంఘం ఏజేసీసీ పుస్తకం ఎనిమిదో ఎడిషన్ 2018 నుంచి అమలైంది. అందులో గ్రేడ్ (కణాలు మామూలు కణాల కంటే ఎంత తేడాగా ఉన్నాయో), క్యాన్సర్ కణాలపై ఉండే రెండు హార్మోన్ రిసెప్టర్లు (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్), హెర్2 అనే ప్రోటీన్ కూడా లెక్కలోకి వచ్చాయి. మూడు సెంటీమీటర్ల గడ్డ, చంక శుభ్రంగా ఉంది అనుకుందాం. పాత లెక్కలో 2ఎ. గ్రేడ్ 3, ట్రిపుల్ నెగెటివ్ (ఆ రెండు రిసెప్టర్లు, హెర్2 మూడూ నెగెటివ్) అయితే కొత్త లెక్కలో 2బి. అదే గ్రేడ్ అయినా మూడు పరీక్షలూ పాజిటివ్ అయితే 1బి, ఎందుకంటే దానికి పనిచేసే మందులున్నాయి. పక్కింటావిడ స్టేజ్‌తో పోల్చుకుంటే ఏమీ తెలియదు. జబ్బు వేరే చోటికి పాకిన లక్షణాలేవీ లేని తొలి దశ పేషెంట్‌కు, ఒళ్లంతా వెతికే పెట్ స్కాన్ రొటీన్‌గా అక్కర్లేదని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2012లోనే చెప్పింది. మన దగ్గర మాత్రం స్కాన్ రాయకపోతే డాక్టర్‌కు ఏమీ తెలియదనుకునేవాళ్లే ఎక్కువ.

నా అభ్యంతరం అసలు ఇంకో చోట ఉంది. ఊళ్లో చిన్న నర్సింగ్ హోమ్‌లో “గడ్డే కదా, తీసేసి పరీక్షకు పంపుదాం” అని కోసేస్తారు. వారం తర్వాత క్యాన్సర్ అని తేలుతుంది. అప్పటికి అంచు ఎటు ఉందో, ఎంత తీశారో ఎవరికీ సరిగా తెలియదు, మళ్లీ ఆపరేషన్. ముందు కీమో ఇచ్చి గడ్డను కుదించే అవకాశం కూడా చేజారుతుంది. కత్తి కంటే ముందు సూది, అంటే సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించే కోర్ బయాప్సీ, జరిగి తీరాలి.

రొమ్ము మిగలాలంటే రేడియేషన్ కావాలి, దానికోసం ఐదు వారాలు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండాలంటే ఆదిలాబాద్ పల్లెలోని ఆమె “తీసేయండి” అనక ఏం చేస్తుంది? అది సొంత ఇష్టంలా కనిపిస్తుంది, నిజానికి బస్సు దూరం చేసిన నిర్ణయం. బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ అధ్యయనం ప్రకారం చాలామందికి ఒక్క వారంలో ఐదు డోసుల రేడియేషన్ సరిపోతుంది. ఆ ఫలితాలు 2020లోనే వచ్చాయి. ఐదు వారాలు సిటీలో ఉండలేని మనిషి ఒక వారం ఉండగలదు. ఆమెకు ఆ మాట ఆపరేషన్ తేదీ ఖాయం చేయకముందే చెప్పాలి.