వైద్యం పిలకాయలకా, నాయనలకా?

ఆధారాలున్న చికిత్స అని ఒకటి తిరుపతి దాకా వచ్చేసింది. పిలకాయల దిగులుకు, భయాలకు, మొండితనానికి ముందే పరీక్షించి చూసిన పద్ధతులే వాడాలంట. మనమేదో పరీక్షించకుండా వాడుతున్నట్టు! బెత్తాన్ని ముందు తాత మీద పరీక్షించి, నాయన మీద సరిచూసుకుని, ఆ తర్వాతే కదా మనవడి దాకా తెచ్చింది. ఇప్పటికీ తాత వరండాలోకి వస్తే ఇంట్లో ఎవరికీ నోరు పెగలదు. ఇంతకన్నా ఆధారం ఏం కావాలి?

వాళ్ల ఆధారాలూ చూద్దాం. 2008లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. ఏడు నుంచి పదిహేడేళ్ల వయసులో, ఆందోళనతో సతమతమయ్యే 488 మందిని తీసుకున్నారు. పన్నెండు వారాలయ్యాక చూస్తే, సీబీటీ అనే మాటల చికిత్సతో నూటికి 60 మంది బాగా తేరుకున్నారు. దానికి సెర్ట్రలిన్ మందు కూడా తోడైతే 81 మంది. మందే లేని ఉత్త మాత్ర మింగినా 24 మంది! ఈ చివరి అంకె మన తాయెత్తుల వాళ్ల కంట పడలేదు గానీ, పడుంటే ఈపాటికి బోర్డు మీద రాయించేసేవాళ్లు.

అంకెలతో నాకు పేచీ లేదు. వైద్యం పిల్లోడికని పిలిచి నాయనకు పని చెప్తారే, అక్కడుంది పేచీ. 1970లలో షీలా ఐబర్గ్ అనే మానసిక శాస్త్రవేత్త చిన్న పిల్లల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టింది. అమ్మో నాయనో బిడ్డతో ఆడుతుంటే, థెరపిస్టు అద్దం అవతల కూర్చుని వాళ్ల చెవిలోని ఇయర్‌ఫోన్‌లో సలహాలు చెప్తారు. ఇంటికి పోయాక కూడా రోజూ ఐదు నిమిషాలు అట్లే ఆడాలి. ఆ ఐదు నిమిషాలూ ప్రశ్నలు వద్దు, ఆజ్ఞలు వద్దు, తప్పులెన్నొద్దు. ఈ మూడూ తీసేస్తే నాయన నోట్లో ఇంకేం మిగులుతుంది సామీ?

తిరుపతి బైరాగిపట్టెడలో ఒకాయన చేసి చూసినాడు. కొడుకు నేలమీద దిమ్మెలు పేరుస్తున్నాడు. “ఎర్రది పైన పెట్టినావే, భలే!” అన్నాడు. బిడ్డ అనుమానంగా తలెత్తి చూసినాడు. ఇంకొకటి పెట్టినాడు. “నీలంది కూడా పెట్టినావు... హోంవర్కు రాసినావా?”

ఇంటర్ పిల్లోళ్ల సెల్‌ఫోన్ పిచ్చికి ఇంత తతంగం ఎందుకు, కాణిపాకం ఉండనే ఉంది. తాగుడు మానిపించే ప్రమాణానికి సెల్‌ఫోన్ ఒక లెక్కా? కొడుకు తడిబట్టలతో స్వామి ఎదుట ప్రమాణం చేసి బయటికి రాగానే, నాయన ఆ సంగతిని ఫోన్‌లో స్టేటస్ పెట్టేస్తాడు. ఇంటిల్లిపాదికీ ఒకే నియమం పెట్టుకోండని థెరపిస్టు అంటే మాత్రం, “నా ఫోన్ వ్యాపారం కోసం మేడం” అని లేచొస్తాడు.

2022 నుంచి కేంద్ర ప్రభుత్వం మనసు బాధలు చెప్పుకోను టెలి మానస్ అనే ఫోన్ సేవ కూడా నడుపుతోంది. 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మావాడొకడు కొడుకు సంగతి చెప్పుకుందామని చేసినాడు. అవతలి అమ్మాయి అంతా విని, “మీరెట్లున్నారు సార్?” అనడిగిందంట. రాంగ్ నంబరనుకుని పెట్టేసినాడు.