షైన్ బండికీ ఎస్పీ బండికీ మధ్య కాపురముంటున్న తేడా గారికి

మహారాజశ్రీ తేడా గారికి,

తెనాలి నుంచి ఓ బండి మనిషి నమస్కరించి రాయు ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమమో కాదో చెప్పలేను. నలభై మూడు రోజులు వెతికినా మీ మొహం సరిగ్గా కనిపించలేదు.

సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2024 దసరాకి ముందు మాట. పద్నాలుగేళ్లు మోసిన నా పాత బండి ఓ సాయంత్రం నారాకోడూరు దాటాక ఆగిపోయింది. కిక్కు కొట్టీ కొట్టీ నా చెప్పు తెగింది గానీ బండి లేవలేదు. మర్నాడు మెకానిక్కు దాని ట్యాంకు మీద చెయ్యి వేసి, పోయినవాళ్ల గురించి మాట్లాడే గొంతుతో, "బాగా చేసిందన్నా" అన్నాడు. ఇక అర్థమైపోయింది.

తెనాలిలో ఇల్లు, గుంటూరులో ఉద్యోగం. పోనూ రానూ రోజుకు యాభై రెండు కిలోమీటర్లు. ఇలాంటి మనిషికి 125 సీసీ బండి చాలునని ఊరంతా ఒక్క మాట మీద ఉంది. వడబోతలు అయ్యాక రెండు మిగిలాయి: హోండా షైన్, హోండా ఎస్పీ 125. రెండూ ఒకే కంపెనీవి. ఒక కంపెనీ పనిగట్టుకుని రెండు బళ్లు చేసిందంటే మధ్యలో మీరు ఉండి తీరాలి కదా అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మీ ఆచూకీ కోసం ముందు కాగితాలు తిరగేశాను. షైన్ ఇంజను 123.94 సీసీ. ఎస్పీ ఇంజను 123.94 సీసీ. దీనికి అయిదు గేర్లు, దానికీ అయిదే. రెండు చక్రాల మధ్య దూరం ఇక్కడ 1285 మిల్లీమీటర్లు, అక్కడా 1285. పవర్ దగ్గరికి వచ్చేసరికి మీ జాడ తగిలింది. షైన్‌కి 10.74 పీఎస్ (గుర్రపు బలం లెక్కలెండి), ఎస్పీకి 10.87. సంతోషంతో కుర్చీలోంచి లేచాను. తర్వాత కూర్చుని లెక్క కడితే ఆ 0.13 పీఎస్ వంద వాట్లకు కాస్త లోపే తేలింది. మా నాన్న హయాంలో వరండాలో వెలిగిన గుండు బల్బు మీరేనన్నమాట. పోనీ, బల్బయినా బల్బే అనుకుని ఎస్పీ వైపు మొగ్గాను. వెంటనే మీరు టార్క్ దగ్గర, అంటే ఇంజను తిప్పే బలం దగ్గర, పార్టీ ఫిరాయించారు. అక్కడ షైన్‌ది 11 న్యూటన్ మీటర్లు, ఎస్పీది 10.9. ఆ 0.1 ఎంతంటే, మీటరు కర్ర చివర పది గ్రాముల గొలుసు వేలాడదీస్తే ఎంత లాగుతుందో అంత. మా ఎమ్మెల్యేలు సైతం ఇంత చప్పుడు లేకుండా అటు నుంచి ఇటు దూకలేరు.

సీటు ఎత్తు షైన్‌ది 791, ఎస్పీది 790. నేలకీ ఇంజనుకీ మధ్య జాగా 162, 160. ఈ రెండు మిల్లీమీటర్లే నా ప్రాణం తీశాయి. మా వీధిలో స్పీడు బ్రేకరు ఎవరి ఇంటి ముందు వాళ్లు, ఎవరి కోపం కొద్దీ వాళ్లు పోయించుకున్నవే. అక్కడ రెండు మిల్లీమీటర్లంటే మాటలా! కళ్లారా చూద్దామని మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి స్కేలు పట్టుకుని షోరూముకి వెళ్లాను. బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మెడ వంచి, స్కేలు నిలబెట్టాను. సేల్స్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైనా పడిపోయిందా సార్?"

"లేదు బాబూ, గ్రౌండ్ క్లియరెన్సు చూస్తున్నా."

పాపం, వాడూ నా పక్కన కూర్చుని వంగి చూశాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత వాడే మెల్లిగా, "సార్, మీ స్కేలు పదిహేను సెంటీమీటర్లే" అన్నాడు.

మీరుండేది పదహారో సెంటీమీటరు పైన. బడిపిల్లల స్కేలుకు అందనంత ఎత్తులో మేడ కట్టుకున్నారు. ఇంకో సంగతి ఇంటికొచ్చాక తట్టింది. నా ఎనభై కిలోలూ సీటు మీద పడితేనే షాకబ్జార్లు దిగే దిగుడులో మీలాంటివాళ్లు పదిమంది కొట్టుకుపోతారు. ఆ ఉదయం రెండు పెసరట్లు తక్కువ తిన్నా సరిపోయేదేమో.

మీ వంశచరిత్ర కూడా తవ్వాను. షైన్ 2006లో వచ్చింది. 2015లో దానికే కొంచెం ముస్తాబు చేసి సీబీ షైన్ ఎస్పీ అని తెచ్చారు. 2019 నవంబరులో షైన్ అనే ఇంటిపేరు తీసేసి, ఎస్పీ 125 అని వేరు కాపురం పెట్టించారు. అన్నదమ్ములు వేరుపడ్డారు, వంటిల్లు మాత్రం ఒకటే. తక్కిన కంపెనీల బళ్లు చూసినా పెద్ద మార్పు లేదు. ఒకటి 124.7 సీసీ, ఇంకొకటి 124.8. అందరూ 125 గీత దగ్గరికొచ్చి గొంతుక్కూర్చోవడానికి కారణం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి ఆ గీత దాటిన బండికి ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు) తప్పనిసరి చేశారు, దాటకపోతే సీబీఎస్ చాలన్నారు. వెనక బ్రేకు తొక్కితే ముందుదీ కాస్త పట్టే ఏర్పాటు ఈ సీబీఎస్. ఏబీఎస్ కన్నా చాలా చవక. ఒకే రూలు, ఒకే రోడ్డు, ఒకే జేబు. బళ్లు ఒకేలా కాక ఎలా ఉంటాయి? ఆ ఇరుకులో మిమ్మల్ని పట్టించాలంటే స్టిక్కర్లే దిక్కు.

ఇక మైలేజీ. ఈ విషయంలో తెలుగువాడికి తెలియనిది లేదు. "షైనే ఎక్కువిస్తుంది బావా, మా తోడల్లుడి బండి అరవై అయిదు కొడుతోంది" అని మా బావమరిది. "ఎస్పీ ముందు షైన్ ఎంత గురూ" అని ఆఫీసులో పక్క సీటు. టీ కొట్టు దగ్గర మూడో ఆయన ఎవరూ అడగకుండానే రెండూ దండగన్నాడు. ట్యాంకు నిండా కొట్టించి, మీటరు రాసుకుని, మళ్లీ నిండా కొట్టించి లెక్క చూసినవాడు ఒక్కడూ తగల్లేదు. సరే, రెండు కిలోమీటర్లు మీ వాటా అనుకుందామని డైరీలో వేశాను. నెలకు 25 రోజులు, 1300 కిలోమీటర్లు. లీటరుకు అరవై ఇస్తే 21.7 లీటర్లు, అరవై రెండు ఇస్తే 21. మిగిలేది 0.7 లీటరు. అప్పటి మా ధర 109 లెక్కన నెలకు 76 రూపాయలు. రెండు బళ్లకీ నాకు చెప్పిన ఎక్స్ షోరూము ధరల్లో మీరు ఆరున్నర వేలు. అంటే ఆ 76 రూపాయలు ఎస్పీ వైపే ఉన్నాయని ఒప్పుకున్నా, పెట్టుబడి తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. అప్పటికి మా అమ్మాయి ఇంజినీరింగు అయిపోతుంది.

టెస్ట్ రైడూ చేశాను. షోరూము నుంచి యూటర్ను దాకా, యూటర్ను నుంచి షోరూము దాకా. ముందు అది, తర్వాత ఇది. అదే క్లచ్చు, అదే గేరు, అదే మెత్తటి చప్పుడు. కళ్లకు గంతలు కట్టి ఎక్కిస్తే చెప్పలేను. గంతలు కట్టుకుని గుంటూరు రోడ్డు మీద నడిపేవాళ్లు చాలామందే ఉన్నారనుకోండి, అది వేరే ఉత్తరం.

మీరు నిజంగా ఎక్కడుంటారో నాకు తెలిసింది ఆ షోరూములోనే. నాతో మా మేనల్లుడు వచ్చాడు, డిగ్రీ రెండో సంవత్సరం. కుర్రాడు వాణ్ని చూసి తిన్నగా ఎస్పీ దగ్గరికి తీసుకెళ్లాడు. నన్ను చూసి, ముఖ్యంగా చెవుల పక్క తెల్లవెంట్రుకలు చూసి, "మీకు షైన్ బాగుంటుంది సార్, పెద్దవాళ్లంతా అదే తీసుకుంటున్నారు" అన్నాడు. నాకు నలభై ఆరు. ఎస్పీ ఎక్కితే అన్నయ్యని, షైన్ ఎక్కితే బాబాయిని. అదీ మీ అసలు చిరునామా. ఇంటికెళ్లి ఈ మాట చెబితే మా ఆవిడ మాత్రం, "ఎస్పీయే తీసుకోండి, ఎస్పీ గారి భార్యననైనా చెప్పుకుంటా" అంది. మా అమ్మ రెండు ఫొటోలూ చూసి, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసి, "ఒకే ఫొటో రెండుసార్లు చూపిస్తావేంట్రా" అంది. నలభై మూడు రోజుల్లో నాకు అందిన ఒకే ఒక్క నిష్పాక్షికమైన సమీక్ష అదే.

న్యాయం కూడా చెప్పుకోవాలి. మీరు బొత్తిగా లేరని కాదు. ఎస్పీకి వెనక టైరు లావు. అప్పటి షైన్‌కి ముల్లు మీటరైతే దానికి అంకెల మీటరు. ఏ గేరులో ఉన్నామో కూడా చూపిస్తుంది (పాతికేళ్లుగా నా ఎడమ పాదం ఉచితంగా చేస్తున్న పని). దానికి ఎల్ఈడీ హెడ్‌లైటు, దీనికి మామూలు హాలోజన్. ఇదిగో, ఇక్కడ ఆగాలి. నేను ఆఫీసు నుంచి బయలుదేరేది రాత్రి ఎనిమిదింటికి. ఎదురుగా లారీవాడు హైబీమ్ వేసుకుని వస్తాడు, ఎడమ పక్క వరిగడ్డి ట్రాక్టరు వెనక లైటు లేకుండా నిలబడి ఉంటుంది. నాకు పనికొచ్చేది ఏదైనా ఉంటే ఆ లైటే. మీరు నట్టనడుమ వెలుగుతూ నిలబడ్డారు. నేనేమో కింద కూర్చుని పదహారో సెంటీమీటరు కోసం స్కేలు జరుపుతున్నాను.

మరి ఏది కొన్నావంటారా? షైన్. ఎందుకంటే, దసరా రెండు రోజులుందనగా ఫోన్ చేస్తే, "ఎస్పీ పదిరోజులు పడుతుంది సార్, షైన్ నల్లది ఒకటి రెడీగా ఉంది" అన్నారు. నలభై మూడు రోజుల పరిశోధనని గోడౌనులో ఉన్న ఒక్క బండి తేల్చేసింది.

బిల్లు దగ్గర ఇంకో ముచ్చట. ఆరున్నర వేల గురించి నలభై మూడు రోజులు నిద్ర మానుకున్న ఈ మనిషి, ఆ కౌంటరు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో తెలుసా? నాలుగు నిమిషాలు. యాక్సెసరీస్ కిట్టు 3,900. టెఫ్లాన్ కోటింగు 1,200. హ్యాండ్లింగు చార్జీలు 1,800, దేన్ని హ్యాండిల్ చేశారో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. మొత్తం 6,900. మీకన్నా నాలుగొందలు ఎక్కువే. నోరెత్తకుండా కార్డు గీకాను. వెనకాల క్యూలో ఉన్నాయన నిమ్మకాయలు పట్టుకుని నిలబడ్డాడు, ముహూర్తం దాటిపోతోందని తొందరపడుతున్నాడు. పరువు సమస్య కదా.

ఏడాది తిరిగింది. 2025 సెప్టెంబరు 22న 350 సీసీ దాకా బళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అలవాటు చావక మళ్లీ డైరీ తీశాను. పాత ధరల మీదే లెక్కేస్తే ఎనభై వేల బండికి ఆరు వేల పైచిలుకు తగ్గింది. అంటే ఒక్క ఏడాది ఆగుంటే షైన్ డబ్బుల్లోనే ఎస్పీ వచ్చేది. మీరే నడుచుకుంటూ మా ఇంటికి వచ్చేవారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏమైందండీ అని మా ఆవిడ అడిగితే, "ఏదో తేడా కొడుతోంది" అన్నాను. మీ పేరు నోటికి అలా అలవాటైపోయింది.

ఈ ఉత్తరం ఇప్పుడు రాయడానికి కారణం నిన్నటి సంగతి. గుంటూరు లాడ్జి సెంటరులో సిగ్నల్ పడింది. నా పక్కన ఎస్పీ ఒకటి వచ్చి ఆగింది. ఎరుపు. ఆయనకీ నా వయసే ఉంటుంది, చెవుల పక్క నాలాగే తెలుపు. నేను ఆయన అంకెల మీటరు కేసి చూస్తున్నాను. ఆయన నా ట్యాంకు మీది అక్షరాల కేసి చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఎవరో ఒకరు అడగాలి కాబట్టి ఆయనే అడిగాడు.

"ఎంతిస్తుందండీ?"

ఇస్తున్నది యాభై ఎనిమిది. "అరవై రెండండీ" అన్నాను. "మీది?"

ఆయన ఒక్క క్షణం ముందుకు చూసి, గొంతు సవరించుకుని, "అరవై మూడు" అన్నాడు.

పచ్చలైటు పడింది. ఇద్దరం ఒకేసారి కదిలాం, చుట్టుగుంట దాకా పక్కపక్కనే వెళ్లాం.

ఇట్లు,
791 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి,
మీ విధేయుడు