లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు గారికి

పెట్రోలు, డీజిళ్ల మీద లీటరుకు రూపాయి ప్రత్యేక పన్నుగా వెలసిన మహారాజశ్రీ రోడ్డు అభివృద్ధి సెస్సు గారి సముఖమునకు, ప్రకాశం జిల్లా చీమకుర్తి ప్రాంతపు మోటారు సైకిలు ఆసామి నమస్కరించి చేయు విన్నపం.

మేము క్షేమం. రోడ్డు గుంతలో పడి మా బండి ముందు చక్రం రిమ్ము మాత్రం వంకరపోయింది. నిన్న మధ్యాహ్నమంతా మెకానిక్ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, అతను చక్రం తిప్పి చూడడం, ఒక స్పోకు బిగించడం, మళ్లీ తిప్పి చూడడం గమనిస్తూ గడిపాను. రోడ్డు గురించి నేనేదో అనబోతే, "రోడ్డు బాగుపడితే మేమేం తినాలన్నా?" అన్నాడు. ఆ గుంతల వల్ల బాగుపడిన మనిషినొకరిని కళ్లారా చూశానన్న తృప్తితో డబ్బులిచ్చి వచ్చాను.

తమరు 2020 సెప్టెంబరులో అవతరించారు. పెట్రోలు మీద 31 శాతం వ్యాట్ అనే అమ్మకపు పన్ను, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్ అప్పటికే ఉండగా, రోడ్ల కోసమని చెప్పి మరొక రూపాయి వేస్తే మేము కాదనలేదు. ఏడాదికి సుమారు 600 కోట్లు వస్తాయని అంచనా వేశారు. తరువాత ఆ రాబడినే చూపి బ్యాంకు దగ్గర 2,000 కోట్ల అప్పుకు వెళ్లారు. పుట్టబోయే దూడను చూపి పాలకు అడ్వాన్సు తీసుకున్నట్లుంది వ్యవహారం. ఆ డబ్బులో ఒక్క రూపాయీ రోడ్డెక్కలేదని నేననను. ఎక్కడో కొన్ని రోడ్లకు తారు పడే ఉంటుంది. మా రోడ్డుకు మాత్రం పడలేదు.

ఎందుకు పడలేదని విచారిస్తే, మాది పంచాయతీరాజ్ రోడ్డని, ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖ, పరిధిలోకి రాదని, తమ సొమ్ము పెద్ద రోడ్లకేనని ఒక కార్యాలయంలో ఎంతో మర్యాదగా సెలవిచ్చారు. అయ్యా, బంకులో పెట్రోలు పోసే కుర్రాడు "ఏ రోడ్డు మీద తిరుగుతావు?" అని నన్నెన్నడూ అడగలేదే! వసూలు చేసేటప్పుడు లేని పరిధి ఖర్చుపెట్టేటప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడింది? గ్రానైటు లారీ ఆర్ అండ్ బీ రోడ్డు మీద ఎంత బరువు మోస్తుందో, మా ఊరి మలుపు తిరిగాక కూడా అంతే బరువు మోస్తుంది. గెలాక్సీ గ్రానైటుగా పేరుపడ్డ మా నల్లరాయి సముద్రాలు దాటి పోతుండగా, ఆ రాయి పోయిన దారిన మేము పాలక్యాను పట్టుకుని పోలేకపోతున్నాం. డీజిలు మీదా తమరే ఉన్నారు కనుక, రోడ్డు ముఖం చూడకుండా దుక్కిలో తిరిగే ట్రాక్టరూ, బోరు దగ్గర కదలకుండా కూర్చున్న ఆయిలింజనూ లీటరుకు రూపాయి కట్టాల్సిందే. కొత్తపట్నం దగ్గర సముద్రంలోకి పోయే మరపడవ కూడా రోడ్డు బాగుకోసం కడుతుంటే, అలల మీద గుంతలు పూడ్చే పథకమేదో ఉందేమోనని అనుమానం వస్తున్నది.

ఒక్క తమరిని అనడం న్యాయం కాదు. తమ పెద్దన్నలైన కేంద్ర సెస్సులూ ఇతర లెవీలూ 2018-19లో సుమారు 2.74 లక్షల కోట్లు వసూలైతే, వాటికి ఉద్దేశించిన నిధులకు చేరింది సుమారు 1.64 లక్షల కోట్లేనని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ చెప్పింది. మామూలు పన్నుల్లో ఉన్నట్లు ఆ సెస్సుల్లో రాష్ట్రాలకు పంపకపు వాటా కూడా లేదు. పట్టణంలో ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ కబురు పుస్తకాల బీరువాలకు అందినట్లు లేదు. పాత ఖర్చులు తరువాత రాబట్టే కరెంటు బిల్లులోని ట్రూఅప్ సంగతి ఈ ఉత్తరంలో వద్దులెండి.

తమరిని పెట్టిన ప్రభుత్వం పోయింది. కొత్త ప్రభుత్వం 2024 నవంబరులో, సంక్రాంతికల్లా గుంతలు లేని రాష్ట్రం చూపిస్తామన్నది. సంక్రాంతి వచ్చింది, గొబ్బెమ్మలు పెట్టారు, కొత్త అల్లుళ్లు అదే గుంతల్లో ఎగిరెగిరి పడుతూ అత్తవారింటికి చేరారు. ప్రభుత్వాలు మారినా చెక్కుచెదరకుండా నిలిచింది మా గుంతా, తమరూ.

ఇక తమరూ గిమరూ కట్టిపెట్టి అడుగుతున్నాను. నువ్వు బంకు రసీదులో కనబడవు. అక్కడ లీటర్లూ మొత్తమూ తప్ప నీ పేరుండదు. మా మండలంలో నీ పేరున ఎంత వసూలైందో, అందులో ఏ రోడ్డుకు ఎంత పెట్టారో, ఎంత అప్పు కింద జమైందో ఏటా ఒక బోర్డు మీద రాయించి బంకు ముందు పెట్టించు. వందరోజుల పని కింద పూడిక తీసిన కుంటకు కూడా బోర్డు పెట్టారు, ఇన్ని కోట్లు తిన్న నీకు ఒక రేకు ముక్కా, డబ్బా రంగూ దొరకవా? అది చేతకాకపోతే రోడ్డు అనే మాట నీ పేరులోంచి తీసేసి, ఉత్త పన్నునని చెప్పుకో. అప్పుడూ కడతాం, కట్టక చస్తామా!

ఇట్లు,
లీటరు లీటరుకూ తమ పోషకుడు