చదవని కాగితాన్ని ఖండించడం ఎలా?

నియంతకు కళాకారుడి నమ్మకంతో పనిలేదు, సంతకం ఉంటే చాలు. ఈ చిన్న సంగతి తెలియక చాలామంది నియంతలు కవుల గుండెల్లో దూరాలని చూసి అనవసరంగా అలిసిపోయారు. చెకోస్లొవేకియా కమ్యూనిస్టు పార్టీ అలాంటి తప్పు చేయలేదు. 1968లో అక్కడ మొదలైన సంస్కరణలను అణచడానికి ఆగస్టు 21న సోవియట్ నాయకత్వంలోని వార్సా ఒప్పంద దేశాల ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాక, పార్టీ నాయకుడు గుస్తావ్ హుసాక్ పెద్దరికంలో ‘సాధారణీకరణ’, అంటే ఆ సంస్కరణలను తుడిచేసి పార్టీ పట్టు మళ్లీ బిగించడం, మొదలై దాదాపు ఇరవయ్యేళ్లు నడిచింది. కాబోయే నియంతలూ, వాళ్లకు స్వాగతగీతాలు కట్టబోయే కళాకారులూ శ్రద్ధగా చదువుకోవలసిన పాఠం అది. ఆ పాఠంలోని మెలకువలు ఇక్కడ ఇస్తున్నాం.

ముందు ఖండన సంగతి. 1977 జనవరి మొదటి వారంలో చార్టర్ 77 అనే పత్రం బయటికొచ్చింది. తొలివిడతలో 242 మంది సంతకం చేశారు. అందులో బాంబుల ప్రస్తావన లేదు, ప్రభుత్వాన్ని కూల్చే పథకం అంతకన్నా లేదు. అంతర్జాతీయ హక్కుల ఒడంబడికలను మీరే ఆమోదించి, 1976లో మీ చట్టాల గెజెట్‌లో 120వ నంబరుతో మీరే అచ్చువేసుకున్నారు, దయచేసి అమలు చేయండి అని అడిగారు, అంతే. ప్రభుత్వానికి దాని చట్టాన్ని దానికే చదివి వినిపించడం కన్నా పెద్ద దేశద్రోహం ఏముంటుంది? జనవరి 6న ఆ కాగితాలను పార్లమెంటుకు అందజేయడానికి నాటకకర్త వాత్స్లావ్ హావెల్, రచయిత లుద్విక్ వత్సూలిక్, నటుడు పావెల్ లాందోవ్‌స్కీ కారులో బయల్దేరితే, రహస్య పోలీసులు వెంటపడి నడిరోడ్డు మీద ఆపి ముగ్గురినీ పట్టుకుపోయారు. అర్జీ పెట్టుకోవడానికి కూడా కారు వేగంగా నడపడం వచ్చి ఉండాలని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇక్కడే అసలు విద్య ఉంది. చార్టర్‌ను పత్రికల్లో అచ్చువేసి ఖండించవచ్చు. కానీ అలా చేస్తే జనం చదువుతారు, చదివితే ‘ఇందులో తప్పేముంది?’ అని అడుగుతారు. కాబట్టి పార్టీ పత్రిక రూదే ప్రావో జనవరి 12న తిట్లు మాత్రం అచ్చువేసింది, తిట్టు తిన్న పత్రాన్ని అచ్చువేయలేదు. జనవరి 28న ప్రాగ్ జాతీయ నాటకశాలలో దేశంలోని పేరున్న నటులు, దర్శకులు, రచయితలు, సంగీతకారులను కూర్చోబెట్టారు. నటి యిర్జినా ష్వోర్త్సోవా వేదికెక్కి ప్రకటన చదివారు. అహంకారంతోనో, స్వార్థంతోనో, పాడు డబ్బుకోసమో సొంత జనం నుంచి విడిపోయినవాళ్లంటే మాకు ఏవగింపు అన్నది దాని సారాంశం. తరవాత సంతకాలు. ఫిబ్రవరి 4న ఇదే తంతు పాప్ గాయకులకు విడిగా జరిగింది. అక్కడ దేశంలోకెల్లా పెద్ద గాయకుడు కారెల్ గాట్ మాట్లాడారు. మొత్తం మీద ఏడువేల పైచిలుకు కళాకారుల పేర్లు రూదే ప్రావోలో రోజుల తరబడి విడతలుగా వచ్చాయి.

ఏడువేల మంది! వీళ్లలో దాదాపు ఎవరూ చార్టర్ చదివి ఉండరు. చదివారంటే అది ఎక్కడ దొరికిందో పోలీసులకు చెప్పుకోవలసి వస్తుంది. అంటే ఖండించడానికి చదవకపోవడమే మొదటి అర్హత. సాహిత్య విమర్శలో మన తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు కానీ, దాన్ని జాతీయ స్థాయి కార్యక్రమంగా నిర్వహించిన ఘనత మాత్రం చెకోస్లొవేకియాకే దక్కాలి.

నిర్వాహకులకు కొన్ని సూచనలు. కాగితాన్ని ద్వారం దగ్గరే పెట్టాలి, వేదిక దగ్గర కాదు. అది హాజరు పట్టీయో ఖండన పత్రమో తేల్చకుండా ఉంచితే ఇద్దరికీ మేలు. మీకు సంతకం దొరుకుతుంది, అతనికి రేపటికి సాకు దొరుకుతుంది. ‘వచ్చినట్టు గుర్తుకు పెట్టాననుకున్నాను’ అని తరవాత చెప్పుకున్నవాళ్లు నిజంగానే ఉన్నారు. పెద్దవాళ్లను ముందు పిలవాలి. జాతీయ కళాకారుడు, విశిష్ట కళాకారుడు అని అక్కడ రెండు రకాల ప్రభుత్వ బిరుదులు ఉండేవి. బిరుదున్నవాడు పెట్టాక, బిరుదు కోసం చూస్తున్నవాడు కలం తానే అడిగి తీసుకుంటాడు. బెదిరింపు బయటికి అనకూడదు. చార్టర్ మీద సంతకం చేసినవాళ్ల ఉద్యోగాలు పోతున్నాయనీ, ఫోన్లు తెగుతున్నాయనీ, డ్రైవింగ్ లైసెన్సులు గుంజుకుంటున్నారనీ, పిల్లలకు విశ్వవిద్యాలయంలో సీటు రాదనీ ఊరంతా తెలుసు కదా, మళ్లీ చెప్పడం మర్యాద కాదు.

కళాకారులు అంత సులువుగా ఎందుకు లొంగారని అమాయకులు అడుగుతారు. దానికి జవాబు ఆ జనవరిలో దొరకదు, అంతకుముందు ఏడెనిమిదేళ్ల కాగితాల్లో ఉంది. అక్కడ డబ్బు తీసుకుని పాట పాడాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే పరీక్షా సంఘం ముందు వాయించాలి, ఆపైన సంగీత సిద్ధాంతం, రాజకీయ పరిజ్ఞానం ప్రశ్నలకు జవాబు చెప్పాలి. గిటారు శ్రుతి తప్పినా సర్దుకోవచ్చు, పార్టీ మహాసభ సంగతి తప్పితే కష్టం. పాసైతే తరగతి ఇస్తారు, ఆ తరగతిని బట్టే కచేరీకి ఎంత డబ్బో తేలుతుంది. ఈ పరీక్ష ఒకసారి రాస్తే అయిపోయేది కాదు, పిలిచినప్పుడల్లా మళ్లీ రావాలి. ఇందులోని సొగసు గమనించండి: ఎవరినీ నిషేధించనక్కర్లేదు, తరగతి తగ్గిస్తే చాలు. మరీ మొండివాళ్లకు వేరే మందు. 1968 దండయాత్ర నాటి జనం గుండెల్లో నిలిచిపోయిన గాయని మార్తా కుబిషోవాను 1970లో దొంగ అశ్లీల ఫోటోలు సృష్టించి వేదిక దింపారు. ఆ తరవాత ఆమె ప్లాస్టిక్ సంచులు అంటించే పని చేసింది. 1977లో చార్టర్ మీద సంతకమూ చేసింది, దాని ప్రతినిధుల్లో ఒకరూ అయింది. పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్చకపోవడం పాలనాపరంగా ఎంత పెద్ద పొరపాటో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక యువకులు. ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్ అనే రాక్ సంగీత బృందం 1968లో పుట్టి, 1970లో లైసెన్సు పోగొట్టుకుంది. పొడుగు జుట్టు, చీకటి పాటలు. వాళ్లు ప్రభుత్వాన్ని తిట్టలేదు, అది ఇంకా ఘోరం, అసలు పట్టించుకోలేదు. వాళ్ల పెద్దదిక్కు ఇవాన్ యిరౌస్ కళాచరిత్ర చదువుకున్నవాడు, కళాకారుల సంఘంలో సభ్యుడు. ఆ హోదాలో హాలు బుక్ చేసి అమెరికన్ చిత్రకారుడు ‘ఆండీ వార్హోల్ మీద ఉపన్యాసం’ అని పెట్టేవాడు. కాసేపు స్లయిడ్లు, మాటలు, తరవాత ‘ఉదాహరణగా’ రెండు గంటల సంగీతం. ఆ దారి మూతపడ్డాక పెళ్లిళ్లు దొరికాయి. పెళ్లి సొంత వ్యవహారం, పెళ్లిలో పాటకు లైసెన్సు అక్కర్లేదు. 1976 ఫిబ్రవరిలో బొయనోవిత్సె అనే ఊళ్లో జరిగిన పెద్ద పండుగ కాగితం మీద యిరౌస్ పెళ్లే. అయితే దీనికి హద్దుంది. జనం చెవిన పడేంత పెద్దదైతే పోలీసుల చెవిన కూడా పడుతుంది. 1974 మార్చిలో రుదోల్ఫోవ్‌లో కచేరీకి వచ్చిన కుర్రాళ్లను లాఠీలతో తరిమి కొట్టారు. బొయనోవిత్సె పెళ్లి అయిన నెలకే అరెస్టులు జరిగాయి. సెప్టెంబర్‌లో యిరౌస్‌కు పద్దెనిమిది నెలలు, మరో ముగ్గురికి ఎనిమిది నుంచి పన్నెండు నెలలు జైలు. నేరం రాజద్రోహం కాదండోయ్, అల్లరి! తాగి వీధిలో కొట్లాడినవాడి మీద పెట్టే కేసు.

ఈ కేసుతోనే ప్రభుత్వం తన ఇల్లు తానే కాల్చుకుంది. అప్పటిదాకా తత్త్వవేత్తలు తమ గదుల్లో, పొడుగు జుట్టు కుర్రాళ్లు తమ సారాయి కొట్లలో ఉండేవారు, ఒకరి మొహం ఒకరికి తెలియదు. కోర్టు వసారాలో అందరినీ ఒకచోట చేర్చింది సర్కారే. ఆ పరిచయాల్లోంచే చార్టర్ వచ్చింది.

అచ్చు దొరకనివాళ్లు పుస్తకాలు ఎలా వేశారో కూడా చెప్పాలి, ఎందుకంటే పాలకులు ఈ భాగాన్ని తరచు తక్కువ అంచనా వేస్తారు. టైప్‌రైటర్‌లో ఉల్లిపొర లాంటి పలుచని కాగితం, మధ్యలో కార్బన్, మళ్లీ కాగితం, ఇలా పది పన్నెండు పొరలు. వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా కొట్టాలి. పై ప్రతులు బాగుంటాయి, అడుగువి నీలి మరకలు. ఒక్క అక్షరం తప్పు పడితే ప్రతి పొర మీదా విడివిడిగా చెరపాలి, అందుకే టైపిస్టు దొరకడం రచయిత దొరకడం కన్నా కష్టం. అరిగిన అక్షరం యంత్రాన్ని పట్టిస్తుంది, మోత పక్కింటివాణ్ణి లేపుతుంది. వత్సూలిక్ నడిపిన ‘పెత్లిత్సె’ ప్రచురణల్లో మొదటి పేజీలో ‘ఈ రాతప్రతిని మళ్లీ నకలు తీయడాన్ని గట్టిగా నిషేధిస్తున్నాను’ అని ఉండేది, కింద రచయిత సంతకం. సంతకమున్న రాతప్రతిని స్నేహితుడికివ్వడం ప్రచురణ కాదు కదా! పాఠకులు ఆ వాక్యంతో సహా నకలు తీసేవారు.

జాజ్ సెక్షన్‌ది ఇంకా పై ఎత్తు. 1971లో సంగీతకారుల సంఘంలో విభాగంగా మొదలై, సభ్యుల కోసం వేసే బులెటిన్‌కు సెన్సార్ అనుమతి అక్కర్లేదన్న సందు పట్టుకుని పుస్తకాలకు పుస్తకాలే వేసింది. దాన్ని మూయడానికి ప్రభుత్వం మొత్తం సంఘాన్నే రద్దు చేయాల్సి వచ్చింది. 1986లో నాయకులను పట్టుకున్నారు. ఈసారి నేరం అక్రమ వ్యాపారం. సంస్కృతిని అణచివేశారన్న నింద రాకుండా దేశానికి ఇలా అల్లరిమూకలూ దొంగ వ్యాపారులూ మాత్రమే మిగిలారు.

1989 నవంబర్ 17న విద్యార్థుల ఊరేగింపును పోలీసులు కొట్టారు. మర్నాడే నటులు సమ్మెకు దిగారు, నాటకశాలలు సభలయ్యాయి. సంతకాల జాతీయ నాటకశాల కూడా ఆడటం మానేసింది. కొన్నాళ్లకు ప్రాగ్‌లోని వాత్స్లావ్ కూడలిలో, బాల్కనీ మీద, ఇరవయ్యేళ్లు ప్రవాసంలో ఉండి నిరసన గీతాలు పాడిన కారెల్ క్రిల్ పక్కన నిలబడి కారెల్ గాట్ జాతీయగీతం పాడారు. లక్షలమంది గొంతు కలిపారు. అప్పుడు లైసెన్సు ఎవరూ అడగలేదు.

ఈ మొత్తం ఏర్పాటులో ఒక్క లోపం ఉందని నిపుణులుగా చెప్పక తప్పదు. ఖండించినవాళ్ల పేర్లను పార్టీ తన సొంత పత్రికలో వేసింది. గ్రంథాలయాలు ఆ పత్రికను తేదీల వారీగా బైండు చేసి దాచాయి. వచ్చేసారి ఈ పని చేపట్టే ప్రభుత్వం సంతకాలు తీసుకోవాలి కానీ జాబితా అచ్చువేయకూడదు. అప్పుడైతే ఏడువేల మందీ మొదటి నుంచీ చార్టర్ వైపే ఉండేవాళ్లు.