తిరగనిదానికి స్పిన్ అని పేరెందుకు?

ఎలక్ట్రాన్లను నెలనెలా కరెంటు బిల్లు కట్టి మరీ వాడుకుంటున్న విశాఖ వినియోగదారుడిగా నాదొక ఫిర్యాదు. ఎలక్ట్రాన్‌కి స్పిన్ ఉందట. కానీ అది తిరగదట.

స్పిన్ అంటే మాకు తెలీదా అండీ? మధురవాడ స్టేడియంలో బంతి తిరగడం చూసినవాళ్లం, చిన్నప్పుడు బొంగరాలతో గచ్చంతా గుంటలు చేసి తన్నులు తిన్నవాళ్లం. 1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అనే ఇద్దరు డచ్చి కుర్రాళ్లు కూడా మనలాగే ఎలక్ట్రాన్ బొంగరంలా తిరుగుతోందనుకున్నారు. భౌతికశాస్త్రంలో పెద్దాయన లోరెంజ్ లెక్కగట్టి, అలాగైతే దాని అంచు కాంతి కంటే వేగంగా పోవాల్సి వస్తుంది బాబూ అన్నారు. తిరుగుడు పోయింది, పేరు మిగిలింది, ప్రతి స్టాపులో ఆగే ఎక్స్‌ప్రెస్ బస్సుకి మిగిలినట్టే.

అంతకు మూడేళ్ల ముందే స్టెర్న్, గెర్లాక్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు వెండి పరమాణువుల్ని అయస్కాంతం మధ్య నుంచి పంపితే, బొంగరాల్లా తలో కోణంలో వాలి చారలా పరుచుకోవాల్సినవి శుభ్రంగా రెండు పాయలైపోయాయి. వాటిలోని ఎలక్ట్రాన్ స్పిన్ పనే అదని తర్వాత తేలింది. పైకి, లేదా కిందికి. మధ్యేమార్గం లేదు. ఇంకో తిరకాసు ఏంటంటే, పైకి వెళ్లినవాటినే ఏరి ఈసారి అయస్కాంతాన్ని పక్కకి తిప్పి ఎడమా కుడా అని అడిగి, మళ్లీ పైకా కిందికా అంటే సగం కిందికి అంటాయి! ఇది మాత్రం నాకు వెంటనే అర్థమైంది. ఒక ఆఫీసులో నా ఫైలు పైకి వెళ్లిందన్నారు. పక్క సెక్షన్‌లో సంతకం అయిందా అని కనుక్కుని, మళ్లీ మొదటి కిటికీకి వస్తే, ఇంకా కిందే ఉందండీ అన్నారు.

ఊరి పరువు కూడా ఉంది ఇందులో. కాంతి కణానికి స్పిన్ ఉందనడానికి 1931లో రామన్‌తో కలిసి ప్రయోగంతో సాక్ష్యం చూపిన సూరి భగవంతం గారు ఆ తర్వాత మన ఆంధ్రా యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు. రోజూ ఆ గేటు ముందు నుంచే స్కూటర్ మీద పోతున్నా నాకు అర్థం కాలేదంటే లోపం ఎలక్ట్రాన్‌దే.

అయినా ఆఖరి ప్రయత్నం చేశాను. ఎలక్ట్రాన్‌ని మనం ఒక చుట్టు తిప్పితే యథాస్థితికి రాదట, రెండు చుట్లు కావాలట, 720 డిగ్రీలు. న్యూట్రాన్లదీ ఇదే పేచీ అని 1975లో ప్రయోగం చేసి మరీ తేల్చారు. అరచేతిలో ప్లేటు పెట్టుకుని తిప్పి చూస్తే తెలుస్తుందని ఎక్కడో చదివి, మద్దిలపాలెంలో టిఫిన్ బండి దగ్గర రెండిడ్లీల ప్లేటుతో మొదలెట్టాను. చంక కిందుగా ఒక చుట్టు తిప్పేసరికి ప్లేటు సరిగ్గానే ఉంది కానీ మోచెయ్యి ఆకాశం చూస్తోంది. ఆపకుండా అదే వైపు తల మీదుగా రెండో చుట్టు తిప్పితే, నిజంగానే, చెయ్యి మెలిక వీడిపోయి మామూలుగా వచ్చేసింది! ఆ క్షణంలో నాకు క్వాంటమ్ మెకానిక్స్ మొత్తం తెలిసిపోయినట్టే అనిపించింది. "ఏటి బాబూ, చట్నీ అంతా పోనాది" అన్నాడు బండివాడు. చొక్కా మీదికే పోయింది.

మర్నాటికి భుజం పట్టేసింది. డాక్టరుగారు ఎమ్మారై రాశారు. ఆ మిషను పనిచేసేదే స్పిన్ మీద: పెద్ద అయస్కాంతంలో మనల్ని పడుకోబెట్టి, ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాల స్పిన్‌ని రేడియో తరంగాలతో కదిపి, అవి తిరిగి సర్దుకునేటప్పుడు ఇచ్చే సిగ్నల్‌తో బొమ్మ గీస్తుంది. బిల్లు కౌంటర్‌లో ఎవరికీ దీని గురించి అనుమానాలున్నట్టు కనపడలేదు. లోపలికి తోసేముందు ఆ కుర్రాడిని అడిగాను, "తమ్ముడూ, ఇంతకీ స్పిన్ అంటే ఏంటి?"

"కదలకండి సార్, బొమ్మ పాడైపోద్ది."